రాయలుగా ఎవరు మేలు: అన్నగారా, బాలయ్యా?

‘ఆదిత్య 369’ మళ్లీ థియేటర్లకు వచ్చినప్పటి నుంచి ఇదే ప్రశ్న. శ్రీకృష్ణదేవరాయలుగా ఎన్టీఆర్ గొప్పా, బాలకృష్ణ గొప్పా? అడిగేవాళ్లలో సగం మందికి జవాబు ముందే ఖాయం, నా చేత కూడా అనిపిస్తే చాలు. నా తంటా వేరు. నాకు అసలు పోటీ ఎన్టీఆర్‌కీ ఎన్టీఆర్‌కీ మధ్యే కనిపిస్తుంది. 1956లో ‘తెనాలి రామకృష్ణ’ రాయలు ఒకరు, 1962లో ‘మహామంత్రి తిమ్మరుసు’ రాయలు ఇంకొకరు.

రూపురేఖల లెక్కన చూస్తే ఎవరూ నిలవరు. రాయల్ని కళ్లారా చూసిన పోర్చుగీసు యాత్రికుడు పేస్, ఆయన మధ్యరకం ఎత్తు మనిషి, మంచి ఛాయ, కాస్త ఒళ్లున్నవాడు, ముఖాన మశూచి మచ్చలున్నాయి అని రాశాడు. తిరుమల గుళ్లో ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడ్డ రాయల విగ్రహానికి తలమీద ఉన్నది పొడవాటి కుళ్లాయి. మన సినిమాల్లో మచ్చలున్న రాయలు ఎక్కడా కనబడడు. పోనీయండి, అన్నగారి ముఖాన మచ్చలు పెట్టే ధైర్యం ఏ మేకప్‌మ్యాన్‌కి ఉంటుంది?

పేస్ ఇంకో సంగతి కూడా రాశాడు. రాజు సరదా మనిషే గానీ ఉన్నట్టుండి కోపం ముంచుకొస్తుందట. నా దృష్టిలో ఈ పాత్రకు పరీక్ష అదే. రాచఠీవి, కత్తి తిప్పడం, గ్రాంథికం తడబడకుండా చెప్పడం చాలామందికి వచ్చు. నవ్వే మనిషే కళ్లు తీయించేదాకా వెళ్లగలడని నమ్మించడం కష్టం.

దాన్ని కొలవడానికి నాకు ఒక్క మాట చాలు: ‘అప్పాజీ’. సాళువ తిమ్మరుసును రాయలు పిలిచే పిలుపు. ‘మహామంత్రి తిమ్మరుసు’లో ఆ మాట ఎన్టీఆర్ నోట ఎన్ని రకాలుగా పలుకుతుందో ఈసారి చూసినప్పుడు గమనించండి. మొదట్లో అందులో తండ్రి దగ్గర కొడుక్కుండే చనువు ఉంటుంది. చక్రవర్తి కాస్తా పిల్లాడైపోతాడు. యువరాజు చనిపోయి, నింద తిమ్మరుసు మీద పడ్డాక అదే గొంతు బిగుసుకుపోతుంది. ఎదుట గుమ్మడి. ఆయన మౌనంగా నిలబడితేనే ఎదుటివాడు తప్పు చేసినట్టు కనిపిస్తాడు. అంతటి నటుడి ముందు, కథంతా మంత్రి పక్షాన ఉన్న సినిమాలో, తప్పు చేసే రాజుగా ఉండడానికి హీరో ఒప్పుకోవడమే విశేషం. నిజం తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. అప్పుడు వచ్చే ‘అప్పాజీ’ మొదటి పిలుపుకి దగ్గరగానే ఉంటుంది, అందుకే వినడం కష్టం. పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాతల్లోనూ తిమ్మరుసు కళ్లు తీయించిన కథ ఉంది. చరిత్రలో ఎంత నిజమన్న చర్చ అలా ఉంచితే, సినిమాకు ప్రాణం అదే.

1956 రాయలు దీనికి పూర్తిగా వేరు. అది అక్కినేని సినిమా. రాయలు వినాలి, నవ్వాలి, ఒక్కోసారి కోప్పడాలి. భానుమతి వేసిన కృష్ణసాని మోజులో రాజ్యం మరిచిపోవాలి. నాగయ్య అప్పాజీ. ఇక్కడ ఎన్టీఆర్ వినే తీరు నాకు భలే ఇష్టం. పద్యం వింటున్న రాజు ముఖంలో ‘నేనూ రాయగలను సుమా’ అన్న చిన్న గర్వం ఉంటుంది. ‘ఆముక్తమాల్యద’ రాసిన మనిషికి ఆ గర్వం ఉండాలి కదా. హాయిగా చూడాలనుకుంటే ఈ రాయలే మేలు. అయినా నా ఓటు 1962కే.

మరి బాలయ్య? ఆయనకు అన్యాయం చేయను. ఒకే సినిమాలో ఈ కాలపు కృష్ణకుమార్‌గానూ, 1526 నాటి రాయలుగానూ కనిపించి, నడకలోనూ గొంతులోనూ ఇద్దర్నీ విడదీయడం చిన్న పనేం కాదు. సింహాసనం మీద నిండుగా ఉన్నారు. కానీ దర్శకుడు సింగీతం కథకు రాయలు మజిలీ మాత్రమే, టైం మెషీన్ మళ్లీ బయలుదేరాలి. మనసు విరిగే సందర్భం ఆ రాయలుకి ఎక్కడిది? దోషం నటుడిది కాదు, పాత్రకు దొరికిన చోటుది.

కన్నడంలో 1970 ‘శ్రీకృష్ణదేవరాయ’లో రాజ్‌కుమార్ ఉన్నారు, తిమ్మరుసుగా ఆ సినిమా దర్శకుడు బి.ఆర్. పంతులే. రాయలు మావాడంటే మావాడని కొట్లాడుకునేవాళ్లు ఒకసారి అది చూడాలి. టీవీ సీరియళ్ల జోలికి నేను పోను.

ఇక శ్రీవత్స. 1951 ‘మల్లీశ్వరి’లో వానకు మంటపంలో తలదాచుకుని, మారువేషంలో మల్లి ఆట చూసిన రాయలు ఆయనే. ఉండేది కాసేపే. వేళాకోళంగా అడిగిన పల్లకీని నిజంగానే పంపించి ఆ పిల్ల బతుకు తలకిందులు చేస్తాడు. అందులో ఆ రాజు ముందు దోషిగా నిలబడ్డ శిల్పి నాగరాజు ఎవరనుకున్నారు? ఎన్టీఆరే.