బ్రాడీపేట నుంచి జర్మనీకి పచ్చళ్ళ డబ్బా: మేము పంపే కొరియర్ షాపు గురించి

గుంటూరులో ఏ సెంటర్లో నిలబడినా విదేశాలకు పచ్చళ్ళు, పిండివంటలు పంపుతామనే బోర్డు ఒకటైనా కనిపిస్తుంది. వాటిలో బ్రాడీపేట అడ్డరోడ్డు మీదున్న ఒక చిన్న షాపు గురించి ఈ రివ్యూ. పేరు రాస్తే ప్రకటన అంటారు, అందుకే రాయడం లేదు. మా అబ్బాయి జర్మనీలో, మాగ్డెబర్గ్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. ఈ షాపుకి అయిదుకి నాలుగు స్టార్లు ఇస్తాను.

నాకు అన్నిటికంటే నచ్చింది వాళ్ళు "వద్దు" అని చెప్పడం. అంతకుముందు వేరే షాపులో ఇస్తే "ఏదైనా పంపొచ్చండీ" అని నెయ్యి సీసా కూడా కట్టేశారు. జర్మనీలో కస్టమ్స్ ఆఫీసు నుంచి మా వాడికి ఉత్తరం. క్లాసు మానుకుని వెళ్ళి, వాళ్ళ ఎదురుగా డబ్బా విప్పాల్సి వచ్చింది. నెయ్యి అక్కడే తీసేసుకున్నారు. యూరప్ దేశాలకు బయట నుంచి మాంసం, పాల పదార్థాలు పార్సిల్లో పంపకూడదట. ఈ విషయం నాకు చెప్పింది బ్రాడీపేట షాపులో కౌంటర్ దగ్గరున్న కుర్రాడు. నేను తీసుకెళ్ళిన సంచీ బల్ల మీద గుమ్మరించి, "ఆంటీ, కోవా తీసేయండి. పచ్చి కరివేపాకు కూడా వెళ్ళదు, ఎండబెట్టి పొడి కొట్టి తెండి. డోలో మాత్రలు అసలొద్దు" అన్నాడు. మందులు పిల్లలు వెళ్ళేటప్పుడు తమ అవసరానికి సరిపడా వెంట తీసుకెళ్ళాలి గానీ, ఆ దేశానికి మనం ఇక్కణ్ణుంచి పార్సిల్లో పంపడానికి లేదు. అమెరికా రూల్స్ వేరు, ఆస్ట్రేలియా రూల్స్ వేరు. ఏ దేశమో ముందు అడిగాకే సంచీ ముట్టుకుంటాడు.

అడ్రస్ రాసేటప్పుడు ఇంకో ప్రశ్న వేశాడు. "అక్కడ పోస్టు డబ్బా మీద అన్నయ్య పేరు ఉందా?" ఇదేం ప్రశ్న అనుకున్నాను. జర్మనీలో కాలింగ్ బెల్ మీదా పోస్టు డబ్బా మీదా పేరు లేకపోతే పార్సిల్ వెనక్కి పోతుందట. మా వాడు ఇంకో ఇద్దరితో కలిసి ఉంటున్నాడు, బెల్ మీద ఉన్నది ఆ ఇల్లు అద్దెకు తీసుకున్న అబ్బాయి పేరు. అక్కడే వాట్సాప్‌లో ఫోన్ చేసి అడిగి, "కేరాఫ్" అని ఆ పేరు కూడా రాయించాం.

ప్యాకింగ్ బాగుంది. గోంగూర, పండుమిర్చి పచ్చళ్ళు ముందు మందపాటి కవర్లో పోసి సీలు వేస్తారు, దాన్ని ఇంకో కవర్లో పెట్టి వాక్యూమ్ చేస్తారు. నూనె చుక్క బయటికి రాలేదు. కందిపొడి, నల్లకారం వాక్యూమ్ పెట్టేసరికి ఇటుకల్లా గట్టిపడ్డాయి, చోటు కలిసొచ్చింది. జంతికలకు, చెక్కలకు మాత్రం వాక్యూమ్ పెట్టరు, పిండి అయిపోతాయి. ఆ సంగతి కుర్రాడే ముందుగా చెప్పాడు.

ఇక ఆ ఒక్క స్టారు ఎందుకు తగ్గిందంటే, తూకం గొడవ. మావారు మిర్చి యార్డులో గుమాస్తా. కాటా ముందు నిలబడితే ఆయన చూపు పక్కకు పోదు. తూకంలో తొమ్మిది కిలోలు వచ్చింది, బిల్లులో 14.4 వేశారు. ఆయన అక్కడే మొదలుపెట్టారు. తర్వాత తెలిసింది, డబ్బా పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చేదీ అసలు బరువూ పోల్చి, ఏది ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటారు. మా డబ్బా 45, 40, 40. లెక్క సరిగ్గానే ఉంది. కానీ ఆ మాట జంతికల కోసం పెద్ద డబ్బా తీసినప్పుడే చెప్పాలి కదా! కిలోకి ఏడు వందల పైన తీసుకునే చోట, గాలికి కూడా డబ్బు కడుతున్నామని మనిషికి ముందు తెలియాలి. జంతికలు సగం తీయించి చిన్న డబ్బాలోకి మార్పించాం. మార్చడానికి విసుక్కోలేదు, అది ఒప్పుకోవాలి.

లోపల ఏముందో, ఎంత విలువో కాగితం మీద నిజమే రాయమంటారు. ఒక మనిషి ఇంకో మనిషికి బహుమతిగా పంపేది 45 యూరోల లోపు ఉంటే జర్మనీలో దిగుమతి పన్ను పడదు. అందుకని నేను పెద్ద డబ్బా ఒకటి కట్టే అలవాటు మానేశాను. పండక్కి ఒకటి, పరీక్షల ముందు ఒకటి చిన్నవి పంపుతున్నాను.

ఏం పంపాలన్నది వాణ్ణే అడుగుతాను. బియ్యం, కందిపప్పు అక్కడి ఆసియా దుకాణాల్లో దొరుకుతాయి. డబ్బుకూ ఇబ్బంది లేదు. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్లో 11,904 యూరోలు ముందే వేశాం, అందులోంచి నెలకు 992 వాడి చేతికొస్తుంది. వాడు అడిగేది ఇంట్లో కొట్టిన పొడులు, రెండు రకాల పచ్చళ్ళు, అంతే. ఈసారి అరిసెలు పెడతానంటే "రూమ్మేట్లు తినేస్తున్నారమ్మా, కారప్పొడి ఎక్కువ పెట్టు" అన్నాడు. అరిసెలు కూడా పెట్టాననుకోండి, అది వేరే సంగతి.

పార్సిల్ వారం దాటాక చేరింది. ట్రాకింగ్ నంబర్ ఇస్తారు గానీ విమానం ఎక్కాక కొన్నాళ్ళు అందులో ఏమీ కదలదు. టెన్షన్ పడి షాపుకి ఫోన్ చేస్తే ఎత్తుతారు, అది చాలు. సంక్రాంతి ముందు మాత్రం వెళ్ళకండి, నిలబడటానికి చోటుండదు. ఆధార్ జిరాక్స్ తప్పకుండా అడుగుతారు, ఇంటి దగ్గరే తీయించుకుని వెళ్ళండి. కారులో అయితే సాయంత్రం ఆ రోడ్డులో పార్కింగ్ దొరకదు, పొద్దున షాపు తీయగానే వెళ్ళడం మేలు.