ఒక్క సెమిస్టర్ చదువుకు కన్సల్టెన్సీ అవసరమా? అనంతపురంలో మా అనుభవం

ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి, తన కళాశాలకు జర్మనీలోని ఒక విశ్వవిద్యాలయంతో ఉన్న ఒప్పందం కింద, శీతాకాల సెమిస్టర్ అక్కడ చదివి వచ్చింది. వీసా పనులను సప్తగిరి సర్కిల్ సమీపంలోని ఒక కన్సల్టెన్సీకి అప్పగించి 30,000 రూపాయలు చెల్లించాము.

పత్రాల పరిశీలనలో వారికి వంక పెట్టడానికి లేదు. పదో తరగతి మార్కుల జాబితాలో ఇంటిపేరు పొడి అక్షరంగానూ, పాస్‌పోర్టులో పూర్తిగానూ ఉండటం మన ప్రాంతపు పిల్లల్లో చాలామందికి ఉన్న చిక్కే. అక్కడి ఉద్యోగిని ఆ తేడాను కాగితాలు చూడగానే పట్టుకొని, అఫిడవిట్‌లో ఏమేమి ఉండాలో ఓపికగా రాసి ఇచ్చింది.

డబ్బు విషయంలో మాత్రం వారి సలహా మాకు సరిపడలేదు. "బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు చూపించాలి సార్, అందరికీ అంతే" అన్నారు. బ్లాక్డ్ అకౌంట్ అంటే అక్కడి ఖర్చుల డబ్బు ముందే జమచేసి, నెలకు ఇంత అని మాత్రమే తీసుకోగల ఖాతా. వారు చెప్పినది పూర్తి ఏడాదికి కావలసిన మొత్తం. నెలకు 992 యూరోల చొప్పున ఆరు నెలలకు 5,952 యూరోలు చాలని, మా అమ్మాయి నేరుగా అక్కడి విశ్వవిద్యాలయానికి ఈమెయిల్ రాసిన తరువాతనే తెలిసింది. అప్పటికి నేను బ్యాంకులో రెట్టింపు రుణానికి దరఖాస్తు పెట్టి ఉన్నాను.

అసలు సమస్య క్యాలెండరుది. జర్మన్ విశ్వవిద్యాలయాల్లో శీతాకాల సెమిస్టర్ అక్టోబరు 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది కనుక, మన కళాశాలల లెక్కలో అది ఒక సెమిస్టర్ చివరి భాగాన్నీ, తరువాతి సెమిస్టర్‌లో సగానికి పైగానూ ఆక్రమిస్తుంది. ఇక్కడి పరీక్షలు ఎప్పుడు రాయాలి, అక్కడి 30 ఈసీటీఎస్ (ఐరోపా దేశాల ఉమ్మడి పద్ధతి) క్రెడిట్లలో ఏ సబ్జెక్టు ఇక్కడి దేనికి సరిపోతుంది అన్నవి విమానం ఎక్కకముందే లెర్నింగ్ అగ్రిమెంటులో, అంటే చదవబోయే సబ్జెక్టుల ఒప్పంద పత్రంలో, రాయించి, విభాగాధిపతి సంతకం తీసుకోవాలి. కన్సల్టెన్సీ వారు ఈ మాటే ఎత్తలేదు. మార్కుల పద్ధతి కూడా వేరు: అక్కడ 1.0 అత్యుత్తమం, 4.0 దాటితే తప్పినట్టు. మా అమ్మాయికి ఒక సబ్జెక్టులో 1.7 వస్తే, ఇక్కడి కార్యాలయంలో గుమాస్తా జాలిగా చూశాడు.

ప్రయాణానికి ముందు వారు ఇచ్చిన సామాన్ల జాబితాలో నెయ్యి, పాలకోవా ఉన్నాయి. ఐరోపా సమాఖ్య దేశాలకు బయటి నుంచి పాల పదార్థాలను, మాంసాన్ని సామాన్లలో తీసుకుపోవడం నిషిద్ధం. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయనీ, గది చేరిన రెండు వారాల్లో నగర కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలనీ ఆ జాబితాలో లేదు. "డిసెంబరులో నాలుగు దాటితే చీకటే నాన్నా" అని అమ్మాయి ఫోనులో చెప్పేదాకా టార్చిలైటు సంగతి మాకూ తట్టలేదు.

పూర్తి డిగ్రీకి వెళ్ళేవారికి, అంటే విశ్వవిద్యాలయాన్ని ఎంచుకోవడం నుంచి మొదలుపెట్టేవారికి, ఈ సేవ ఉపయోగపడవచ్చు. ఒప్పందం కింద వెళ్ళేవారికి సీటు, ఫీజు మినహాయింపు ముందే ఖాయమై ఉంటాయి కనుక, పత్రాల పరిశీలనకు మాత్రమే విడిగా రుసుము తీసుకుంటారేమో అడగండి. ఒప్పుకోకపోతే ఆ డబ్బు విమానం టికెట్టుకు ఉంచుకోవడం మేలు. కట్టినదానికి జీఎస్టీ బిల్లు కూడా అడిగి తీసుకోండి, మాకు అడిగితేనే ఇచ్చారు.