కరోటిడ్ డాప్లర్ రిపోర్టులో ఏది ముందు: శాతమా, ప్లాక్ స్వభావమా?

మెడలోంచి మెదడుకు రక్తం తీసుకెళ్లే కరోటిడ్ నాళాలను అల్ట్రాసౌండ్‌తో చూసేదే కరోటిడ్ డాప్లర్. నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు స్కానింగ్ సెంటర్లలో కొత్తగా చేరిన డాక్టర్లు పదేపదే అడిగే మాట ఇది: "సార్, స్టెనోసిస్ శాతం రాస్తే సరిపోదా? ప్లాక్ ఎట్లున్నదో గూడ రాయాల్నా?"

స్టెనోసిస్ అంటే నాళం ఇరుకవడం, ప్లాక్ అంటే నాళం గోడలో పేరుకున్న కొవ్వు, సున్నం. శాతాన్ని తీసిపారేయలేం. ఇంటర్నల్ కరోటిడ్‌లో పీఎస్‌వీ (గుండె కొట్టినప్పుడు రక్తం అందుకునే గరిష్ఠ వేగం) సెకనుకు 125 సెం.మీ. దాటితే 50 శాతం, 230 దాటితే 70 శాతం అన్న 2003 నాటి కొలమానాన్నే ఇప్పటికీ వాడుతున్నాం. స్ట్రోక్ లక్షణాలు ఈమధ్యే వచ్చినవాళ్లలో 70 శాతం దాటితే ఎండార్టరెక్టమీ (ప్లాక్ తీసేసే ఆపరేషన్) మేలు చేస్తుందని నాసెట్ పరిశోధన 1991లోనే తేల్చింది. హైదరాబాద్‌లో వాస్కులర్ సర్జన్ ముందు వెతికేదీ ఆ అంకెనే. అయితే నాళం దాదాపు మూసుకుపోయినప్పుడు వేగం పడిపోతుంది. అవతలి కరోటిడ్ మూసుకుంటే ఇవతల లేని స్టెనోసిస్ ఉన్నట్టు వేగం పెరుగుతుంది.

నా మొగ్గు ప్లాక్ స్వభావం వైపే. కారణం, 50 శాతం లోపు కేసులు. వేగం మామూలుగా ఉంటుంది, "చెప్పుకోదగ్గ స్టెనోసిస్ లేదు" అని రాసి పంపేస్తారు. కానీ నాళం రెండుగా చీలేచోట ఉబ్బే బల్బ్‌లో కొవ్వుతోనో, లోపల రక్తస్రావంతోనో నిండిన మెత్తటి, నిలకడలేని ప్లాక్ నలుపు తెలుపు చిత్రమైన గ్రే స్కేల్‌లో రక్తంలాగే నల్లగా ఉంటుంది. రక్తప్రవాహాన్ని రంగులో చూపే కలర్ వేస్తే రంగు గోడదాకా పోక మధ్యలో ఆగిపోతుంది, దాన్ని పట్టించేది అదే. గెయిన్ (రంగు సిగ్నల్‌ను పెంచే సెట్టింగ్) ఎక్కువుంటే రంగు ప్లాక్ మీదికి పొర్లి దాన్ని కప్పేస్తుంది. గెయిన్ తగ్గించండి, నాళాన్ని అడ్డంగా చూపే అడ్డకోతలో మళ్లీ చూడండి.

సున్నం పట్టిన తెల్లటి ప్లాక్ సాధారణంగా నిలకడైనదే, తేలిగ్గా పగలదు. దాని నీడలో అసలు ఇరుకు దాక్కుంటే మాత్రం "నీడ వల్ల కొలవలేకపోయాం" అని రాసి, దాటిన తర్వాత ప్రవాహం ఎట్లుందో చెప్పండి. అంచనా అంకె వేయొద్దు.

ప్లాక్‌ను నలుపు తెలుపుల బట్టి విడదీసే గ్రే-వీల్ రకాలు నోటికి రాకున్నా పర్వాలేదు. నలుపా, తెలుపా, కలగలుపా? మందమెంత? పైభాగం నున్నగా ఉందా, ఎగుడుదిగుడా? ఇవి చాలు. అల్సర్ (ప్లాక్ మీద పడ్డ పుండు) అన్న మాట మాత్రం గుంత నిలువు, అడ్డం రెండు కోతల్లోనూ కనబడి, అందులోకి ప్రవాహం పోతుంటేనే వాడండి.

ఇక ఐఎమ్‌టీ. అంటే నాళం గోడ లోపలి పొరల మందం. 2013 అమెరికా మార్గదర్శకాలే దాన్ని రోజువారీ రిస్క్ అంచనాకు వద్దన్నాయి.

ప్రోబ్ పెట్టేముందు ఏ చెయ్యి తిమ్మిరెక్కిందో అడగండి. కుడి చేతిని నడిపేది ఎడమ మెదడు కాబట్టి, కుడి చెయ్యంటే ఎడమ బల్బ్‌లో ఉన్న నల్లటి ప్లాక్, 40 శాతమే అయినా, రిపోర్టు సారాంశమైన ఇంప్రెషన్‌లో మొదటి వాక్యం కావాలి.