వాడని పొగగొట్టం దగ్గర చెమ్మ మరకలా? గోడకు కెమికల్ ఎక్కించేవాళ్లతో జాగ్రత్త

పాత ఇంట్లో ఫైర్‌ప్లేస్ మూసేసి, పొగగొట్టాన్ని మాత్రం అలాగే వదిలేసినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. వంటింట్లో స్టవ్ మీద బిగించే చిమ్నీ సంగతి కాదు, ఇటుకలతో కప్పు పైదాకా కట్టిన గొట్టం సంగతి. మా ఇంట్లో దాని చుట్టూ గోడంతా పసుపు, గోధుమ రంగు మరకలు తేలితే చెమ్మ ట్రీట్‌మెంట్ చేసే ఒక సంస్థను పిలిచాం. ఆ మరకలకు ఏ సంబంధమూ లేని పని చేసి డబ్బు పట్టుకుపోయారు. పేరు రాయడం లేదు. వాళ్ల పద్ధతి ఏమిటో తెలిస్తే మీరే గుర్తుపట్టగలరు.

వచ్చినతను రెండు సూదుల మీటర్ తీసి గోడకు గుచ్చాడు. రీడింగ్ పైకి లేవగానే తీర్పు చెప్పేశాడు: నేల నుంచి చెమ్మ ఎక్కుతోంది, గోడ అడుగున రంధ్రాలు చేసి కెమికల్ ఎక్కించాలి, పైన వాటర్‌ప్రూఫ్ ప్లాస్టర్ వేయాలి, రాతపూర్వకంగా గ్యారంటీ ఇస్తాం. మేడ మీది గదిలో కూడా మరక ఉంది కదా అంటే, "అదీ దీని ప్రభావమేనండీ" అన్నాడు. నేల నుంచి ఎక్కే చెమ్మ సాధారణంగా మీటరు ఎత్తు దగ్గరే ఆగిపోతుంది. కింది గదిలో నడుము ఎత్తు పైన గోడ పొడిగా ఉండి, మేడ మీద మరక ఉందంటే నీళ్లు కింది నుంచి రావడం లేదనే అర్థం. కప్పు ఎక్కి గొట్టం చూడమంటే, అది తమ పని కాదన్నాడు.

ఇక ఆ మీటర్ సంగతి. సూదుల మధ్య కరెంటు ఎంత సులువుగా పారుతుందో అది కొలుస్తుంది, నేరుగా నీటిని కాదు. ఏళ్ల తరబడి బొగ్గో కట్టెలో కాల్చిన గొట్టంలో ఇటుకలు, ప్లాస్టర్ మసినీ లవణాలనూ పీల్చుకుని ఉంటాయి. లవణాలున్న గోడలో తేమ కొంచెమే ఉన్నా మీటర్ చాలా ఎక్కువ చూపిస్తుంది. పైగా క్లోరైడ్లు, నైట్రేట్ల వంటివి గాలిలోని తేమను లాక్కుంటాయి. అందుకే చుక్క వాన లేకపోయినా, గాలిలో తేమ పెరిగిన రోజున మరక ముదురుతుంది, ఎండ కాస్తే పాలిపోతుంది. అలా కాకుండా ప్రతి వాన తర్వాతా ముదురుతుంటే నీళ్లు పైనుంచి దిగుతున్నాయని అనుమానించాలి. ఈ తేడా కనిపెట్టడానికి ఏ పరికరమూ అక్కర్లేదు, కొన్నాళ్లు గోడను గమనిస్తే చాలు. ఆ సంస్థ మనిషి ఈ ప్రశ్నే అడగలేదు.

పని అయ్యాక కొత్త ప్లాస్టర్ వేసిన మేర బాగానే ఉంది. మరక దాని అంచు దాటి పక్కకు పాకింది. ఫోన్ చేస్తే గ్యారంటీ కాగితం చూసుకోమన్నారు. నేల నుంచి ఎక్కే చెమ్మకు మాత్రమే వర్తిస్తుందట! లేని జబ్బుకు గ్యారంటీ ఇవ్వడం కంటే సుఖమైన వ్యాపారం ఇంకేముంటుంది?

చివరికి కప్పు పనులు చేసే మేస్త్రీ ఎక్కి చూస్తే సంగతి బయటపడింది. గొట్టం నోరు తెరిచి ఉంది, దాని చుట్టూ వేసిన సిమెంటు పగిలింది, కప్పు గొట్టాన్ని కలిసేచోట సీసపు రేకు లేచిపోయింది. కింద ఫైర్‌ప్లేస్‌ను గాలి చొరకుండా మూసేయడంతో లోపలి తేమకు బయటికి దారి లేదు. అడుగున రాలిన మసి, పాత గూళ్ల పుల్లలు నానిపోయి కుప్పపడి ఉన్నాయి.

చేయించాల్సింది ఇదన్నమాట: ముందు గొట్టం శుభ్రం చేయించి, రేకునూ పగుళ్లనూ బాగు చేయించాలి. పైన వాన పడకుండా, గాలి మాత్రం ఆడేలా ఉండే మూత బిగించాలి, మూసిన ఫైర్‌ప్లేస్‌కు గాలి జాలీ పెట్టించాలి. రెండు చివరలూ బిగించి మూసేస్తే లోపల తేమ పట్టి మళ్లీ మరకలొస్తాయి. మూత పెట్టే ముందు ఆ గొట్టంలోకి వేరే గదిలోని హీటర్ గానీ, పక్కింటివాళ్ల పొయ్యి గానీ పొగ వదలడం లేదని కచ్చితంగా తేల్చుకోండి. అక్కడ పొరపాటు జరిగితే కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణాలే పోతాయి.

గోడ ఆరడానికి నెలలు పడుతుంది, వెంటనే రంగు వేయిస్తామనేవాళ్లను నమ్మకండి. ఆరాక కూడా లవణాలు పట్టిన ప్లాస్టర్ చెక్కించక తప్పకపోవచ్చు. దాని మీదే జిప్సం ప్లాస్టర్ పూస్తే మరక మళ్లీ పైకి తేలుతుంది. మరకను కప్పే పెయింట్లు కొన్నాళ్లు కనబడకుండా చేస్తాయి, అంతే.

ఉచితంగా తనిఖీ చేస్తామంటూ వచ్చేవాళ్లకు ఆదాయమంతా ట్రీట్‌మెంట్ మీదే అని గుర్తుంచుకోండి. కెమికల్ అమ్మని మనిషికి ఫీజు ఇచ్చి చూపించుకోవడమే చవక. కారణం ఏమిటో కాగితం మీద రాసివ్వమనండి, కప్పు మీద గొట్టం ఫొటోలు అడగండి. ఆ రెండూ రాకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.