తాడోబా సఫారీకి వెళ్తున్నారా? పర్మిట్‌లో మీ పేరుందో లేదో ముందే చూసుకోండి

నిన్న రాత్రే మహారాష్ట్రలోని తాడోబా పులుల అడవి నుంచి వైజాగ్ వచ్చాం. కోర్ (అడవి లోపలి ముఖ్యభాగం) గేటు కూడా దాటకుండా వెనక్కొచ్చాం. కోపం ఇంకా తగ్గలేదు, రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఏజెంటు మన ఊరివాడే. ఫిర్యాదు ఇస్తున్నాను కాబట్టి పేరు రాయను. ఇక్కడి నుంచి టూర్లకి వెళ్ళేవాళ్ళలో చాలామందికి తెలిసే ఉంటాడు. మొహర్లీ గేటు, కోర్ జోన్, ఉదయం సఫారీ, ఆరుగురికి జిప్సీ (ఓపెన్ జీపు), రూముతో కలిపి 42 వేలు. మొత్తం ముందే ఫోన్‌పేలో పంపించేశాను. గేటుకి ఇన్ని బళ్ళనే లెక్క ఉంటుంది, ఆలస్యమైతే దొరకదని తొందరపెట్టాడు. ఆ లెక్క నిజమే కాబట్టి నమ్మాను.

ఇదంతా మా నాన్న కోసం. స్టీల్‌ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. మన జూలో పులిని ఎన్నిసార్లు చూసినా, అడవిలో ఒక్కసారి చూడాలని ఆయన కోరిక. తాడోబా 1955లో నేషనల్ పార్క్ అయిందని చదివి, నేను పుట్టిన ఏడాదేరా అని అందరికీ చెప్పుకున్నారు.

ముందురోజు రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో పర్మిట్ పంపాడు. మా ఆరు పేర్లూ ఉన్నాయి. తెల్లారి ఐదున్నరకి గేటు దగ్గర స్వెటర్లు వేసుకుని నిలబడ్డాం. కౌంటర్లో ఆయన నంబర్ కొట్టి చూసి, మా ఆధార్ కార్డులు చూసి, మళ్ళీ నంబర్ కొట్టాడు. ఆ నంబర్ మీద ఉన్నది వేరే ఆరుగురు. ఎవరిదో పర్మిట్ మీద మా పేర్లు టైప్ చేసి పంపాడన్నమాట. మా వెనక జిప్సీలు ఒక్కొక్కటే లోపలికి వెళ్ళిపోతున్నాయి.

ఏజెంటుకి ఫోన్ చేశాను. నాలుగోసారికి ఎత్తాడు. స్పీకర్ ఆన్‌లో ఉంది. "సార్, బఫర్‌లో ఎక్కించేయమంటాను, వెళ్ళిపోండి. కోరో బఫరో మీ నాన్నగారికి ఏం తెలుస్తుంది?" అన్నాడు. బఫర్ అంటే కోర్ చుట్టూ ఉండే బయటి అడవి.

నాన్న పక్కనే ఉన్నారు. అంతా విన్నారు. మెడలో ఉన్న బైనాక్యులర్ తీసి కవర్లో పెట్టేసుకుని, "పోనీలేరా, టీ తాగుదాం" అన్నారు. డబ్బు పోయినందుకు కాదు, ఆ మాట ఆయన చెవిన పడినందుకు నాకు నిద్ర పట్టడం లేదు. స్పీకర్ ఎందుకు పెట్టాను? పర్మిట్ వారం ముందే ఎందుకు అడగలేదు? తప్పు నాదీ ఉంది.

బఫర్‌లో పులులు ఉండవని కాదు, అక్కడ చూసినవాళ్ళు బోలెడుమంది. కోర్‌కి వెళ్ళినా పులి కనిపిస్తుందని ఎవరూ మాటివ్వలేరు. ఆ సంగతి తెలిసే వెళ్ళాం. కానీ దొంగ కాగితం పెట్టి పెద్దాయన్ని గేటు దాకా తీసుకెళ్ళి నిలబెట్టడం వేరు.

వెనక్కి పైసా రాలేదు. మెసేజ్‌లకి నీలం టిక్కులు పడుతున్నాయి, జవాబు లేదు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను.

వెళ్ళేవాళ్ళు మహారాష్ట్ర అటవీశాఖ సొంత సైట్లోనే బుక్ చేసుకోండి. ఏజెంటు ద్వారా అయితే, ప్రతి ఒక్కరి పేరూ ఐడీ నంబరూ ఉన్న పర్మిట్ చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి. ఆ ఐడీ ఒరిజినల్ వెంట ఉండాలి. కోర్‌కి మంగళవారం సెలవు, జూలై నుంచి సెప్టెంబర్ దాకా మూసేస్తారు. ఆ రోజులకి కోర్ బుకింగ్ ఉందని ఎవరైనా అంటే మాట అక్కడే ఆపేయండి.