ఒకటో నంబరు పటాలం తాత జాడలో: ఎగ్మోరు, నాగపూర్, కామ్టీ

మా పాత క్రయ దస్తావేజులో పొలం కొన్నాయన "ఒకటో నంబరు పటాలం పింఛను సిపాయి" అని రాసి ఉంది. పెద్దవాళ్లేమో ఆయన సీతాబర్డీ యుద్ధం చేసొచ్చాడనేవారు. ఈ రెండూ పొసగవు. 1817 నవంబరు 26, 27 తేదీల్లో నాగపూర్‌లోని సీతాబర్డీ కొండ మీద అక్కడి రాజు భోంస్లే సైన్యాన్ని నిలువరించిన మద్రాసు పటాలాలు 20, 24 నంబర్లవి.

చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ముడి వీడింది. 1806 వేలూరు తిరుగుబాటు తర్వాత కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) ఒకటో నంబరునే కొట్టేసి, మిగిలినవాళ్లను 24గా మార్చింది. సీతాబర్డీలో గెలిచాక మా పాత నంబరు మాకివ్వండని సిపాయిలు అడిగారు, 1818లో ఇచ్చారు. అంటే దస్తావేజూ నిజమే, తాత కథా నిజమే! ఆర్కైవ్స్‌కి వెళ్లేవారు గుర్తింపు కార్డు, పరిచయ లేఖ దగ్గర పెట్టుకోండి. సిబ్బంది ఓపిగ్గానే చెబుతారు. అయితే సిపాయి పేరు దొరుకుతుందని ఆశపడకండి. దొరల పేర్లు వరసగా ఉంటాయి, మనవాళ్లు లెక్కల్లోనే. సీతాబర్డీలో కుంపిణీ వైపు చచ్చినవాళ్లూ గాయపడ్డవాళ్లూ కలిపి 367 మంది. అందులో పేరు రాసి ఉన్న సిపాయి ఒక్కడూ నా కంటబడలేదు.

విశాఖ నుంచి నాగపూర్‌కి సమతా ఎక్స్‌ప్రెస్ సుఖం. రాయగడ దాటాక కొండలు చూస్తూ పోవచ్చు. బస మాత్రం స్టేషన్ పక్కన వద్దు. మేం దిగిన లాడ్జిలో వేడినీళ్లు పొద్దున బకెట్ లెక్కన, రాత్రంతా ఆటోల హారన్లు. మర్నాడే సీతాబర్డీ మెట్రో స్టేషన్ దగ్గరకి మారాం, కాస్త ఖరీదైనా హాయి. కింద బండి మీద తర్రీ పోహా (కారం పులుసు పోసిన అటుకులు) తినండి, కారం తట్టుకోగలిగితేనే.

సీతాబర్డీ కొండ మీది కోట సైన్యం చేతిలో ఉంది. జనవరి 26, ఆగస్టు 15 లాంటి రోజుల్లోనే జనాన్ని లోపలికి వదులుతారు. ఆ తేదీలు కుదరకపోతే కింద నుంచి చూడటమే. దానికోసం ప్రత్యేకంగా సెలవు పెట్టక్కర్లేదు.

అసలు వెళ్లాల్సింది నాగపూర్ పక్కనున్న కామ్టీకి. ఆటోమోటివ్ చౌక్ దాకా మెట్రో, అక్కడి నుంచి ఆటో. 1821లో పెట్టిన కంటోన్మెంటు అది, మద్రాసు పటాలాలు పెళ్లాం పిల్లలతో సహా వచ్చి దిగిన ఊరు. ఇప్పుడు గార్డ్స్ రెజిమెంటు కేంద్రం అక్కడే ఉంది, ఆ వైపు ఫోన్ బయటికి తీయకండి. బజారులో వాకబు చేస్తే ఒక తెలుగువాళ్ల ఇల్లు చూపించారు. అరుగు మీద బియ్యం చెరుగుతున్న మామ్మగారు చేట ఆపకుండానే "ఏ ఊరోళ్లు బాబూ? ఇంటిపేరేంటి?" అన్నారు. సగం తెలుగు, సగం హిందీ. మా ఇంటిపేరు చెప్పగానే చేట పక్కన పెట్టేశారు.

"మీ వాళ్లు ఒక గడప ఉండేవాళ్లు నాయనా, ఆ వేపచెట్టు అవతల. రైల్వే నౌకరీ వచ్చిందని గోందియా పోయారు."

ఆర్కైవ్స్‌లో రోజంతా కూర్చున్నా ఈ మాట దొరకదు. కాకపోతే పటాలం నంబరు తెలియకుండా కామ్టీ వస్తే ఏం అడగాలో మనకే తెలియదు, అందుకే ముందు ఎగ్మోరు. కామ్టీకి మాత్రం పొద్దున పదికి ముందే వెళ్లండి, మధ్యాహ్నం ఎండకి ఎవరూ తలుపు తీయరు.

గోందియా ఎలాగూ సమతా దారిలోదే. ఈసారి టికెట్ అక్కడి దాకానే.