నేవీలో చేసిన పెద్దల రికార్డు కావాలా? ముందు బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్ చూడండి

మీ ఇంటి పెద్దల్లో ఎవరైనా 1928 లోపు బ్రిటన్ రాయల్ నేవీలో నావికుడిగా చేరి ఉంటే, వంశవృక్షాల వెబ్‌సైట్లకు డబ్బు కట్టే ముందు అక్కడి ప్రభుత్వ పాత రికార్డులు దాచే నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల డిస్కవరీ అనే ఆన్‌లైన్ కేటలాగ్ తెరవండి. నేను రెండూ చూశాకే చెబుతున్నా. ఒక సైటు చందా కడితేగాని చూపించనన్న పేజీయే ఇక్కడ ఖాతా తెరవగానే ఉచితంగా దిగింది. 2020 లాక్‌డౌన్‌లో రీడింగ్ రూములు మూసినప్పుడు మొదలుపెట్టిన సదుపాయం ఇది.

నేను వెతికింది మా అత్తగారి తాతగారి కోసం. మా ఆయన వాళ్లది ఇంగ్లండ్‌లోని కెంట్. తాతగారు ఓడల్లో బాయిలర్లకు బొగ్గు వేసే స్టోకర్ అనీ, ఎడమ ముంజేతి మీద లంగరు పచ్చబొట్టు ఉండేదనీ తప్ప ఆవిడకి ఇంకేమీ తెలియదు. అందులో నావికుల సర్వీసు రికార్డులుండే ఏడీఎం 188 అనే వరుసలో పేరు, పుట్టిన ఊరు కొడితే అదే పేరుతో ఇద్దరు వచ్చారు. ఇద్దరివీ దించుకున్నాను.

ఒక్కొక్కరికి ఒక్క పేజీ. పుట్టిన తేదీ, నేవీకి ముందు చేసిన పని, ఎత్తు, జుట్టు రంగు, కళ్ల రంగు, ఆ పక్కనే గాయాలు, మచ్చలు, పచ్చబొట్లు రాసే గడి. రెండో కాగితంలో ఆ గడి దగ్గర జూమ్ చేసి చూస్తే, ఎడమ ముంజేయి, లంగరు! అత్తగారికి ఫోన్‌లో చదివి వినిపిస్తే ఆవిడ గొంతు పూడుకుపోయింది.

అసలు సంగతి కింద ఓడల జాబితాలో ఉంది. ‘హోగ్’ అన్న వరుస 1914 సెప్టెంబర్ 22తో ఆగిపోయింది. మర్నాటి నుంచి ‘పెంబ్రోక్ 2’. ఎందుకు మారారో ఒక్క ముక్క లేదు. ఆ ఉదయం ఉత్తర సముద్రంలో యూ-9 అనే ఒకే ఒక్క జర్మన్ సబ్‌మెరైన్ అబూకిర్, హోగ్, క్రెసీ అనే మూడు యుద్ధనౌకల్ని రెండు గంటల్లోపే ముంచేసింది. 1,400 మందికి పైగా పోయారు. ఓడ అడుగున పనిచేసే మనిషి అందులోంచి బతికి బయటపడి, ఇంట్లో ఏనాడూ ఆ మాట ఎత్తలేదట. రికార్డు తేదీ మాత్రమే ఇస్తుంది, ఆ రోజు ఏం జరిగిందో మనమే వెతుక్కోవాలి.

పెంబ్రోక్ అని కనిపిస్తే ఓడ అనుకోకండి, అది ఛాటమ్‌లో ఒడ్డున ఉన్న నేవీ స్థావరం. పోర్ట్స్‌మత్‌కి విక్టరీ, డెవన్‌పోర్ట్‌కి వివిడ్ అలాంటివే. ‘వీజీ’ అంటే నడవడిక చాలా బాగుందని, ‘రన్’ అంటే పారిపోయాడని, ‘డీడీ’ అంటే సర్వీసులో ఉండగా చనిపోయాడని. చేతిరాత గొలుసుకట్టు, ఓపిక కావాలి.

ఆఫీసర్లయితే ఏడీఎం 196లో చూడాలి. 1853కి ముందు నావికులకు ఇలా ఒకచోట రాసిన రికార్డు లేదు, ఓడ పేరు తెలిస్తే ఆ ఓడ హాజరు పట్టీలు తిరగేయాల్సిందే. ఓడల లాగ్‌బుక్కులు చాలావరకు ఆన్‌లైన్‌లో దొరకవు. లండన్‌లో క్యూ అనే చోట ఉన్న వాళ్ల భవనానికి వెళ్లి, రీడర్స్ టికెట్ తీసుకుని చూడాలి. తాతగారు తర్వాత పనిచేసిన ఓడల కోసం నేనూ అత్తగారూ వెళ్లబోతున్నాం.